చల్లారని తూటా

లారిబేరెలో ఆడవాళ్ళు పొద్దున్న లేవగానే చేసే మొదటి పని, గుమ్మం మీద దారానికి వేలాడే తూటాను తాకి చూడటం. చల్లగా ఉంటే గడియ తీస్తారు, పందులకు కుడితి కలుపుతారు, కాఫీ గింజలు పెనం మీద వేస్తారు. వెచ్చగా ఉంటే మాత్రం గడియ తియ్యరు, మగవాళ్ళను లేపుతారు. మనిషిని చంపిన తూటా తనను పేల్చిన చేతిని మరిచిపోదు. ఆ చెయ్యి కూత దూరంలోకి వచ్చిందంటే కాగిపోతుంది, దూరం పోతే చల్లబడుతుంది. పేల్చిన చేతిలోనే దాన్ని పెడితే ఒక్కసారిగా చల్లారి, ఇక ఎప్పటికీ వేడెక్కదు. మాతెబియాన్ కొండ చుట్టుపక్కల ఊళ్ళలో ఈ సంగతి పాలు తాగే పిల్లలక్కూడా తెలుసు.

పోయిన ఏడు మొక్కజొన్న కోతలప్పుడు ప్లాస్టిక్ బకెట్లు అమ్మేవాడొకడు వచ్చాడు. నవ్వుమొహం, తియ్యటి మాట. రోజీనా అనే విధవరాలి ఇంటి ముందుకు వచ్చేసరికి ఆమె గుమ్మం మీది తూటా ఎర్రబడి, దారం కాలి తెగి, టప్పున కింద పడింది. రోజీనా రోకలి పట్టుకుని బయటికి ఉరికింది. బకెట్లున్నాయి, మనిషి లేడు. ఊళ్ళో సగం మంది ఇప్పటికీ ఆ బకెట్లతోనే నీళ్ళు మోస్తున్నారు.

ఫెలిస్మినా ఇంటి గుమ్మం మీద మాత్రం మేకు ఉంది, తూటా లేదు. ఆమె అన్న గాస్పార్ కొండ మీద పోరాటంలో పోయి పాతికేళ్ళయింది. ఎముకలు దొరకలేదు. చంపిన తూటా ఎముకల మధ్యే దొరకాలి, ఎముకలే దొరక్కపోతే తూటా ఎక్కడిది? అయినా పొద్దున్నే చెయ్యి పైకెత్తి ఆ ఉత్త మేకును తడిమి, అప్పుడు గడియ తీసేది.

"ఉత్త మేకు ఏం చెబుతుందే నీకు?" అని రోజీనా కంచె అవతల నుంచి ఆటపట్టించేది.

"నీ మీదకొచ్చేవాడు ఎవడో నీకు తెలుసు. నా మీదకొచ్చేవాడు ఎవడో నాకు తెలీదు. అందుకే నేను కత్తి నూరుకుంటాను, నువ్వు రోకలితో సరిపెట్టుకుంటావు" అనేది ఫెలిస్మినా.

ఆమెకు నలభై ఏళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. జాకెట్టు భుజానికి నల్లగుడ్డ ముక్క గుచ్చుకుని తిరిగేది. మనిషి పోయిన ఏడాదికి ఎముకలకు మొక్కి ఆ నల్లగుడ్డ తీసెయ్యాలి, అది ఆచారం. మొక్కడానికి ఎముకలే లేనప్పుడు ఏడాది ఎప్పటికి నిండుతుంది? గుడ్డ చిరిగినప్పుడల్లా కొత్తది గుచ్చుకునేది. పాతికేళ్ళలో ఎన్ని గుడ్డలు మారాయో ఆమెకే లెక్క లేదు.

ఇంట్లో ఇంకొకడున్నాడు. గాస్పార్ కొడుకు అనక్లేతో, వడ్రంగి. ఇండోనేషియా విమానాలు కొండ మీద బాంబులు కురిపించిన రోజుల్లో పుట్టాడు. ఊళ్ళకు ఊళ్ళు కొండెక్కి గుహల్లో తలదాచుకున్నాయి. ఓ మధ్యాహ్నం గుహ మొగదల బాంబు పడింది. పొగ తగ్గాక ఫెలిస్మినా వదినను వెతుక్కుంటూ పోతే, నడుం దాకానే మనిషి మిగిలింది. ఆ మిగిలిన దేహం కింద నెల నిండని పిల్లాడు, ఒళ్ళంతా తల్లి నెత్తురు, గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అప్పటికి ఫెలిస్మినాకు పదిహేనేళ్ళు. వాడిని లాగి, తన గుడ్డలో చుట్టుకుని, కర్రపెండలం ఉడికించిన నీళ్ళు వేలితో నోట్లో పెట్టి బతికించింది. వాడు ఆమెను అమ్మా అనే పిలిచాడు, మేనత్త అని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

ఆమెకు ఆ రోజుల నుంచి మిగిలిన గొప్ప ఒక్కటే. చేతికి తుపాకీ ఇచ్చి పొగమంచులో కాపలా పెడితే, అడుగుల చప్పుడు విని ఒకే ఒక తూటా కాల్చింది. ఎవడో కూలిన చప్పుడు వినిపించింది. విందుల్లో కల్లు రెండు గుక్కలు పడితే ఆ కథ ఎత్తుకునేది.

"ఒక్క తూటా. ఒక్కడు పడ్డాడు. ఈ నేల మీద కాలు పెట్టినందుకు ఒక్కడిచేతన్నా వడ్డీతో కక్కించాను" అనేది రొమ్ము విరుచుకుని.

"పోయినసారి వాడు రాయి వెనకాల పడ్డాడన్నావు, ఇప్పుడు చెట్టు వెనకాల అంటున్నావు. ఇంతకీ వాడు చచ్చాడా, తిరుగుతూనే ఉన్నాడా అమ్మా?" అని అనక్లేతో నవ్వేవాడు.

ఆమెకు ఒకడి మీద పగ ఉంది. ఎవారిస్తో. అప్పట్లో కొండ మీద సైన్యంతో పోరాడిన దళానికి కమాండరు. గుహల్లో ఆకలికి రోజుకు నలుగురైదుగురు పిల్లలు పోతుంటే, ఆడవాళ్ళనూ పిల్లలనూ కిందికి దింపుదామన్నాడు గాస్పార్. ఎవారిస్తో అతని గుండెకు తుపాకీ ఆనించాడు. "మన తాతలు ఈ కొండలో ఉన్నారు. దిగినవాడు ద్రోహి. వాడిని నేనే కాలుస్తా" అన్నాడు. ఫెలిస్మినా కళ్ళారా చూసింది. తర్వాత వారానికి ఆమెను కాపలా నుంచి దింపి, పిల్లలతో పాటు వేరే గుహకు పంపేశారు. మూడు రోజులకు ఎవారిస్తో ఒక్కడే వచ్చి, "గాస్పార్ పోయాడు" అన్నాడు. ఎక్కడా, ఎలా అంటే నోరు మెదపలేదు. లొంగిపోవడానికి పోతూ చచ్చాడని ఎవరో అన్నారు. ఆ మాట పాతికేళ్ళు ఊళ్ళో తిరిగింది. లొంగిపోయినవాడి పేరు వీరుల జాబితాలో ఎవరు రాస్తారు? దేశం వచ్చింది, జెండా వచ్చింది, ఎవారిస్తో మెడలో పతకం పడింది. ఆ రోజు చర్చి ముందు ఫెలిస్మినా అతని కాళ్ళ దగ్గర ఉమ్మేసింది. అతను తుడుచుకోలేదు, తల వంచుకుని పోయాడు.

ఇలా ఉండగా పట్నంలో వీరుల తోట కట్టారు. మృతుల పండుగకు కొండ మీద పడినవాళ్ళ ఎముకలన్నీ పెట్టెల్లో తెచ్చి, సైన్యం వందనంతో అక్కడ పూడుస్తామని చాటింపు వేశారు. పండుగ ఇంకో వారం ఉందనగా, పొద్దున్నే కంచె బయట ఎవారిస్తో వచ్చి నిలబడ్డాడు. జుట్టు నెరిసిపోయింది, నడుం వంగింది. పతకం పెట్టుకోలేదు.

ఫెలిస్మినా కాఫీ గింజలు వేపుతోంది. చూసి కూడా లేవలేదు.

"దారి తప్పావా?"

"గాస్పార్ ఎక్కడున్నాడో చూపిస్తాను, ఫెలిస్మినా."

గరిటె ఆగింది. గింజలు మాడుతున్నా ఆమెకు తెలియలేదు.

"పాతికేళ్ళకు గుర్తొచ్చిందా? పతకం బరువుకు మెడ వంగి ఇప్పటికి నేల కనబడిందా?"

"నువ్వేమన్నా పడతాను. పెట్టె సిద్ధం చేసుకో."

"నువ్వే పాతిపెట్టావా?"

"నేనే. ఒక్కణ్ణే."

"ఎలా చచ్చాడు మా అన్న?"

ఎవారిస్తో కంచె కర్రను గట్టిగా పట్టుకున్నాడు. "అది తూటా చెబుతుంది. నా మాట మీరు నమ్మరు, దాని మాట నమ్ముతారు" అన్నాడు.

లోపల రంపం చప్పుడు ఆగిపోయింది. అనక్లేతో గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. వెనక్కి పోయి, గూటిలోంచి ఎర్ర పుంజును, గోడ మీంచి కత్తిని తీసుకుని పూర్వీకుల ఇంటి వైపు నడిచాడు.

ఎత్తయిన స్తంభాల మీద గడ్డి కప్పుతో నిలబడిన ఆ ఇంటిని ఇండోనేషియా సైన్యం రెండుసార్లు తగలబెట్టింది. రెండుసార్లూ ఊరు కట్టుకుంది. ఇప్పుడున్న స్తంభాలు అనక్లేతో చెక్కినవే. వంశం మాటలన్నీ కంఠంలో దాచుకున్న లోయి తాత దాని మెట్ల మీద కూర్చుని వక్క దంచుకుంటున్నాడు. అనక్లేతో పుంజు మెడను ఒక్క వేటుకు నరికాడు. తలలేని పుంజు మెట్ల మీద ఎగిరెగిరి కొట్టుకుంది. ఆ నెత్తురు కత్తికి రెండు వైపులా పూశాడు.

"మా నాన్నను చంపినవాడి నెత్తురు తాగందే ఈ కత్తి ఒరలోకి పోదు. తాతలారా, వినండి."

"తొందరపడ్డావురా" అన్నాడు లోయి తాత. "మాట నోట్లో ఉన్నంతసేపే మనది. ఇప్పుడది వాళ్ళది, వెనక్కి ఇమ్మంటే ఇవ్వరు."

"ఎవరిమ్మన్నారు వెనక్కి?"

ఫెలిస్మినా ఆ మాట విని గర్వపడింది. నా పెంపకం అనుకుంది.

మర్నాడు తెల్లవారాక కొండెక్కారు. ముందు ఎవారిస్తో, వెనక అనక్లేతో, అతని భుజాన ఖాళీ పెట్టె, చేతిలో ఒర లేని కత్తి. లోయి తాతను ఫెలిస్మినా చెయ్యి పట్టి నడిపించింది. చివర పలుగు, పార మోసుకుంటూ సిప్రియానో. అతను ఫెలిస్మినా పెదనాన్న కూతురి మొగుడు. చచ్చినవాడి ఎముకలను సొంత రక్తం తాకకూడదు, ఆడపిల్లనిచ్చిన ఇంటి అల్లుళ్ళే తవ్వాలి, కడగాలి, సర్దాలి. అందుకే సిప్రియానో రాక తప్పలేదు.

"పెళ్ళినాడు మీ వాళ్ళు ఈ సంగతి చెప్పలేదు మరదలా. మూడు పూటలా విందు అన్నారు, ఎముకలు తవ్వాలని ఒక్కరన్నా అన్నారా?" అని రొప్పుతూ గొణిగాడు.

"ఎద్దులా తిన్నావుగా బావా, ఎద్దులా తవ్వు."

పైకి పోయేకొద్దీ మబ్బు దిగింది. నాలుగడుగుల అవతల మనిషి కనిపించడం లేదు. ఎవారిస్తో ఒక పెద్ద బండరాయి దగ్గర ఆగాడు. ఫెలిస్మినా గుర్తుపట్టింది. కట్టెలకు వచ్చినప్పుడల్లా వీపు ఆనించుకుని కూర్చునే రాయి అదే. ఇన్నేళ్ళూ అన్న పక్కనే కూర్చుని రొట్టె తిని పోయానా అనుకుంది.

లోయి తాత ముందుగా పేర్లు చదివాడు. ఈ కొండ మీద మొదట కాలు పెట్టినవాడి దగ్గర నుంచి, వాడి కొడుకు, వాడి కొడుకు, అలా తరాల పేర్లు ఒక్కటి పొల్లు పోకుండా చదివి గాస్పార్ దగ్గర ఆగాడు. "వీళ్ళెవరూ ఈ నేలను అమ్ముకోలేదు, విడిచిపెట్టి పోలేదు. తవ్వండి" అన్నాడు.

సిప్రియానో పలుగు వేశాడు. రెండడుగులు తవ్వేసరికి తడిమట్టి లోంచి ఆవిరి లేచింది. అతని పాదాలు చురుక్కుమన్నాయి. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తూటా కాగుతోంది. అంటే చంపిన చెయ్యి ఇక్కడే ఉంది.

పుర్రె దొరికింది, చేతి ఎముకలు దొరికాయి, తోలు బెల్టు ముక్క దొరికింది. పక్కటెముకల్లో రెండు బొగ్గులా నల్లబడి ఉన్నాయి. వాటి మధ్య వేలు పెట్టిన సిప్రియానో కెవ్వుమని చెయ్యి విదిలించాడు. వేలి కొస బొబ్బెక్కింది. వెదురు పటకారుతో తూటాను పైకి తీశాడు. మబ్బులో అది ఎర్రగా మెరిసింది.

అందరి కళ్ళూ ఎవారిస్తో మీదకు పోయాయి. అతను టోపీ తీసి, గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఇలాంటి మబ్బే ఆ రోజు కూడా. పొద్దెక్కింది కానీ మనిషికి మనిషి కనిపించడం లేదు. కింద నుంచి అడుగుల చప్పుడైంది. ఎవరంటే పలకలేదు. మూడు తూటాలు కాల్చాను. పోయి చూస్తే గాస్పార్. రొమ్ములో దిగింది. నోటినిండా నెత్తురు, పలుకుదామన్నా పలకలేడు." ఫెలిస్మినా వైపు తిరిగాడు. "లొంగిపోవడానికి పోలేదమ్మా వాడు. కింద శత్రువు తోటలోంచి కర్రపెండలం తవ్వుకుని పైకి వస్తున్నాడు. మూట భుజానే ఉంది. ఈ పిల్లాడి కోసం."



"మరి పాతికేళ్ళు మా వాడిని ద్రోహి అంటుంటే ఎందుకు నోరు మూసుకున్నావు?" ఫెలిస్మినా అరిచింది.

"సొంత మనిషిని కాల్చాడని తెలిస్తే దళం చెదిరిపోతుందని మొదట. తర్వాత తర్వాత, ఉత్త భయం. పిరికితనం. పేరు రాయించాను నిన్న, నా సాక్ష్యం మీద. గాస్పార్ పేరు జాబితాలో ఉంది. ఇక నా పని అయిపోయింది" అని అనక్లేతో వైపు తిరిగి మెడ వంచాడు. "రా నాయనా."

అనక్లేతో కత్తి ఎత్తాడు.

"ఆగు" అన్నాడు లోయి తాత. "తూటా చేతిలో చల్లారాలి. మాట మాటే, పద్ధతి పద్ధతే."

ఎవారిస్తో కుడి అరచెయ్యి చాపాడు. సిప్రియానో పటకారు విడిచాడు.

చుయ్‌మని చప్పుడైంది. ఎవారిస్తో మొహంలో నొప్పి కంటే ముందు ఆశ్చర్యం కనిపించింది. అది చల్లారుతుందని పాతికేళ్ళు ఎదురు చూసిన మనిషి. చల్లారలేదు. అతను అరచేతిని చూసుకున్నాడు, లోయి తాతను చూశాడు, సిప్రియానోను చూశాడు. అప్పుడు మెల్లగా తలెత్తి ఫెలిస్మినాను చూశాడు. అలా చూస్తూనే పిడికిలి గట్టిగా బిగించాడు.

"చల్లారింది. కానివ్వు అనక్లేతో, తొందరగా."

పళ్ళు గిట్టకరిచాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. వేళ్ళ సందుల్లోంచి సన్నటి పొగ మబ్బులో కలిసిపోతోంది. లోయి తాతకు చూపు ఆనదు, సిప్రియానో కాలిన వేలిని నోట్లో పెట్టుకుని మూలుగుతున్నాడు, అనక్లేతోకు ఆ వంచిన మెడ తప్ప ఏమీ కనిపించడం లేదు. మాడుతున్న మాంసం వాసన ఫెలిస్మినా ముక్కుకు తగిలింది. బాంబులు పడ్డ గుహలో పీల్చిన వాసన అది, పొరబడేది కాదు.

ఇతను అబద్ధం ఎందుకు ఆడుతున్నాడు?

ఆ రోజు పేలినవి మూడు కాదు. పై రాతి మీద కాపలా ఉన్న ఆమె నాలుగు విన్నది. నాలుగోది ఆమెదే. ఆ రోజు కూడా ఇలాంటి మబ్బే. కట్టెలకు పోయినప్పుడు ఆ రాయి ఎంత వెచ్చగా ఉంటుందో అని ఊళ్ళో ఆమె అంటే, గడ్డకట్టే రాయిని వెచ్చన అంటావేమిటే, కల్లు తాగొచ్చావా అని తోటి ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళు ఒక్కళ్ళే వచ్చినప్పుడు ఆ రాయి ఎంత చల్లగా ఉండేదో ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆమె లేనప్పటి చల్లదనం ఆమె ఎప్పుడూ చూడలేదు.

విందుల్లో ఎన్నిసార్లు చెప్పింది ఆ కథ! ఎన్నిసార్లు చప్పట్లు కొట్టించుకుంది!

నోరు మూసుకుంటే చాలు. ఒక్క వేటు. పగవాడి తల పడుతుంది, అన్న పేరు ఉండనే ఉంది, కొడుకు కొడుకుగానే మిగులుతాడు. నోరు తెరిస్తే ఏముంది? తోడబుట్టినవాడి నెత్తురు చిందించినవాళ్ళు పూర్వీకుల ఇంటి మెట్టు ఎక్కకూడదు, చచ్చాక ఈ మట్టిలో పడుకోకూడదు. ఏటి అవతలికి పోవాలి. ఏ నేల కోసం ఇంతమంది చచ్చారో, ఆ నేల మీదే ఆమెకు చోటుండదు. ఆమెకు బతకాలనిపించింది. సిగ్గు లేకుండా, గట్టిగా అనిపించింది.

కత్తి పైకి లేచింది.

ఫెలిస్మినా ఒక్క ఉదుటున పోయి ఎవారిస్తో మీద పడింది. కత్తి పక్కకు తిరిగే లోపు ఆమె భుజాన్ని గీరుకుంటూ దిగింది. నల్లగుడ్డ ముక్కతో పాటు చర్మం లేచిపోయింది. ఆమె అది పట్టించుకోలేదు. అతని పిడికిలిని రెండు చేతులా పట్టి వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతోంది.

"వదులు ఫెలిస్మినా. నా మాట విను. ముసలాణ్ణి, ముందూ వెనకా ఎవరూ లేరు నాకు. వదిలెయ్" అని అతను గొణుగుతున్నాడు.

"తియ్! చెయ్యి తియ్!"

తూటాకు అతని చర్మం అంటుకుని ఊడివచ్చింది. ఆమె దాన్ని కుడి అరచేతిలో వేసుకుంది. ఎరుపు పోయింది. పొగ ఆగింది. ఏటిలోంచి తీసిన గులకరాయిలా చల్లగా ఉంది. గోతిలోంచి లేస్తున్న ఆవిరి కూడా అప్పుడే ఆగిపోయింది.

ఆ చెయ్యిని ఆమె అందరికీ చూపించింది. చివరికి అనక్లేతో ముందు చాపి నిలబడింది.

ఎవారిస్తో ముందుగా మాట్లాడాడు. "పదిహేనేళ్ళ పిల్ల. తుపాకీ ఇచ్చింది నేను. మబ్బులో ఏది కదిలినా కాల్చమన్నది నేను. నాది కాదని ఎలా అంటారు?"

"అనలేదు" అన్నాడు లోయి తాత. తడుముకుంటూ వచ్చి ఆ తూటాను తాకి, చల్లదనం చూసుకుని, నేల మీద కూలబడ్డాడు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడింది. ఫెలిస్మినా, పద్ధతి నీకు తెలుసు తల్లీ."

"తెలుసు తాతా. సాయంత్రానికి ఏరు దాటిపోతాను."

"వీడి మాట సంగతి?" అన్నాడు సిప్రియానో భయంగా. అనక్లేతో చేతిలో కత్తి మీద నిన్నటి పుంజు నెత్తురు ఎండి ఉంది, ఇప్పటి ఫెలిస్మినా నెత్తురు పచ్చిగా ఉంది.

"గీరుకున్నది లెక్కకు రాదు" అన్నాడు అనక్లేతో ఎవరూ అడక్కుండానే. "అది నేను వేసిన వేటు కాదు." గోతిలోకి, ఆ నల్లబడ్డ పక్కటెముకల వైపు చూశాడు. ఫెలిస్మినా కళ్ళు మూసుకుని మెడ వంచింది. వాడు నరికితే బాగుండునని ఆ క్షణం నిజంగా అనుకుంది.

"ఏ వేలు, అత్తా?"

పుట్టి బుద్ధెరిగాక వాడు ఆమెను అత్తా అన్నది అదే మొదలు. కత్తి దిగకముందే ఆ మాట దిగింది.

"ఏ వేలు నొక్కింది?"

ఆమె కళ్ళు తెరిచింది. కుడి చూపుడువేలు ఎత్తింది. వాడికి కర్రపెండలం నీళ్ళు నాకించింది కూడా ఆ వేలితోనే, ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికే తెలుసు. ఆమె చెప్పలేదు. బండరాయి మీద చెయ్యి పరిచి, మిగిలిన వేళ్ళు మడిచింది.

అనక్లేతో వడ్రంగి. వాడి వేటు గురి తప్పదు. ఒక్కటే చప్పుడు, రాతి మీద ఇనుము. వేలు ఎగిరి మట్టిలో పడింది. నెత్తురు రాతి మీద చిమ్మింది. ఆమె అరవలేదు, లోయ దాకా వినబడేట్టు అరిచినవాడు అనక్లేతో. కత్తి విసిరేసి, ఒంటి మీది చొక్కా చింపి, ఆమె చేతికి చుట్టి చుట్టి కట్టాడు. ఏడుస్తూనే, "ఇంకా గట్టిగా బిగించనా? నొప్పిగా ఉందా?" అని అడిగాడు, తానే నరికినవాడు.

లోయి తాత ఆ వేలును తడిమి ఎత్తి, వక్కల సంచిలోని ఆకులో చుట్టాడు.

"చంపింది ఇది. ఇది గాస్పార్ పక్కన మట్టిలోకి పోతుంది. మిగిలిన మనిషి మన మనిషే. ఏరు దాటనక్కర్లేదు. ఏమంటారు తాతలూ?" అని మబ్బు వైపు మొహం ఎత్తి కాసేపు ఆగాడు. "ఏమీ అనలేదు. అంటే ఒప్పుకున్నట్టే. ఎముకలు సర్దు సిప్రియానో."

సిప్రియానో తన జన్మలో మొదటిసారి సణగకుండా పని చేశాడు. చల్లారిన తూటాను మాత్రం లోయలోకి విసిరేశాడు. ఎక్కడ పడిందో చప్పుడు కూడా రాలేదు.

మృతుల పండుగనాడు పట్నంలో ఎండ మాడ్చేస్తోంది. వీరుల తోటలో పెట్టెలు వరసగా ఉన్నాయి, ఒక్కొక్క దాని పక్కన ఒక్కొక్క కుటుంబం. ఆడవాళ్ళు పెట్టెల మీద పడి ఏడుస్తున్నారు. కొత్త యూనిఫారం వేసుకున్న కుర్ర ఆఫీసరు జాబితా పట్టుకుని, ఒక్కో పెట్టె మూత తీయించి చూసి, పేరు పక్కన టిక్కు పెట్టి, జెండా కప్పిస్తున్నాడు. గాస్పార్ పెట్టె ఒక పక్క అనక్లేతో పట్టుకున్నాడు, రెండో పక్క అరచేతికి కట్టుతో ఎవారిస్తో. వెనకాల ఫెలిస్మినా నిలబడింది, జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది.

ఆఫీసరు మూత తీశాడు. ఎముకల పక్కన ఆకు పొట్లం చూసి విప్పి, వెంటనే మొహం తిప్పుకున్నాడు.

"ఇదేమిటి? ఇది పచ్చిది! జాబితాలో ఒక్క మనిషే ఉన్నాడు. ఎవరిదిది?"

"మా అమ్మది" అన్నాడు అనక్లేతో.

"ఆమె బతికే ఉంది కదయ్యా" అన్నాడు ఆఫీసరు, ఫెలిస్మినా చేతికట్టు చూస్తూ. "ఇక్కడ కొండ మీద పోయినవాళ్ళకే చోటు."

"అది కొండ మీదే పోయింది సార్. డెబ్బై ఎనిమిదిలోనే పోయింది, మాకు ఇప్పుడు తెలిసింది" అన్నాడు అనక్లేతో. "మా నాన్న పడిన రోజు కాపలా ఉన్నది ఆమే. పదిహేనేళ్ళు. ఆ రోజు ఆమె కూడా సిపాయే."

ఆఫీసరు ఎవారిస్తో వైపు చూశాడు. పాత కమాండరు నిటారుగా నిలబడి తల ఊపాడు. వెనక వరసల్లో ఎవరో ముసలామె కొడుకు పేరు పిలుస్తూ ఏడుస్తోంది. ఆఫీసరు పొట్లం మళ్ళీ మడిచి, గాస్పార్ చేతి ఎముకల పక్కన జాగ్రత్తగా పెట్టి, మూత వేశాడు. జాబితా తెరిచి, గాస్పార్ పేరు కింద కలంతో ఒక గీత గీశాడు. తర్వాత ఫెలిస్మినా వైపు తిరిగి, "మీ పూర్తి పేరు చెప్పండమ్మా" అన్నాడు.